గింజకు చుక్కలు చూపించిన అమ్మాయి

ఆ ఆఫీసులో అతన్ని అందరూ గింజ అని పిలుస్తారు. మనిషి సన్నగా ఉంటాడని కాదు. అతను పనిచేసేది కెర్నల్ టీములో. కెర్నల్ అంటే గింజ అని ఎవరో నిఘంటువు తిరగేసి చెప్పారు. అంతే, అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు పొట్టులా ఎగిరిపోయింది. ఏదైనా తేడా వచ్చినప్పుడు అతను గింజుకునే తీరు చూశాక, ఆ పేరు పెట్టినవాళ్లకి తమ తెలివి మీద తమకే గౌరవం పెరిగింది.

కంప్యూటర్లో మనకు కనిపించే ప్రోగ్రాములన్నీ పై అంతస్తు జనం. ఒకటి పాట పాడుతుంది, ఒకటి లెక్క కడుతుంది, ఒకటి బొమ్మ చూపిస్తుంది. అన్నీ గొప్పలే గానీ సొంతంగా ఏ పనీ చేతకాదు. ఏం కావాలన్నా కింది అంతస్తుకి దిగి కెర్నల్ గారి కౌంటర్ల ముందు నిలబడాల్సిందే. ఒక కౌంటర్లో ఫైలు తెరిచి ఇస్తారు. ఇంకో కౌంటర్లో సరుకు ప్రింటర్‌కి పంపిస్తారు. మరో కౌంటర్ దగ్గర "ఇంతసేపు నన్ను పడుకోనిచ్చి లేపండి" అని అడిగితే, అంతసేపు పడుకోబెట్టి లేపుతారు.

ఈ పడుకోబెట్టే కౌంటర్లు రెండున్నాయి. ఒకటి ఎప్పటిదో పాతది. రెండోది గింజ రాసిన కొత్తది. పాతదానికి కాస్త బద్ధకం, చెప్పిన వేళ దాటాక గానీ లేపదు. గింజ రాసినది మాత్రం గడియారానికే గడియారం నేర్పే రకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను చేసిన మొదటి పని అదే. దానికి ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు అతని చెవుల్లో ఇప్పటికీ అద్దెకుంటున్నాయి.

కొత్తది వచ్చాక పాతదెందుకు? గింజ తమ దగ్గరున్న ప్రోగ్రాములన్నీ గాలించాడు. పాత కౌంటర్ మొహం చూస్తున్నది ఒక్కటీ లేదు. అలాగని వెంటనే పీకెయ్యరు. ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ముందు ట్రయల్ వెర్షన్లో షట్టర్ దించి, చెవులు రిక్కించి కూర్చుంటారు. ఎవరైనా అరిస్తే షట్టర్ ఎత్తుతారు. ఎవరూ అరవకపోతే కౌంటర్ కూలగొడతారు. దీన్ని వాళ్లు 'అరుపు పరీక్ష' అంటారు.

అసలు వెర్షన్ శుక్రవారం విడుదల. సోమవారం వరకూ ఎవరూ అరవలేదు.

"మేడమ్, నిశ్శబ్దం," అన్నాడు గింజ, కత్తెర మేడమ్ బల్ల దగ్గర నిలబడి. ఆవిడ ఆ టీముకి పెద్ద. ఎవరెంత కోడ్ రాసుకొచ్చినా సగం కత్తిరించి చేతిలో పెడుతుంది. జుట్టు కూడా పొట్టిగా కత్తిరించుకుంటుంది గానీ, పేరుకీ దానికీ సంబంధం లేదు.

"బాగా విన్నావా?"

"చీమ చిటుక్కుమన్లేదు."

"అయితే కూల్చెయ్," అని ఆవిడ అంటూ ఉండగానే అద్దాల తలుపు తెరుచుకుంది.

బయట వాన దంచుతోంది. లోపలికి వచ్చిన అమ్మాయి తన రెయిన్‌కోటు తను వేసుకోలేదు, చంకలో ఉన్న అట్టపెట్టెకి తొడిగింది. పెట్టె పొడిపొడిగా ఉంది. ఆమె జుట్టు కొసల్నించి నీళ్లు కారుతున్నాయి, కళ్లలోంచి నిప్పులు రాలుతున్నాయి. నీళ్లూ నిప్పులూ ఒకే మనిషిలో ఇంత చక్కగా సర్దుకుపోవడం గింజ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"పడుకోబెట్టే కౌంటర్ మూసేసిన మహానుభావుడు ఎవరండీ ఇక్కడ?"

ఆఫీసంతా గింజ వైపు చూసింది. గింజ తన వెనక్కి చూశాడు. వెనక గోడ ఉంది.

"నేనేనండీ."

ఆమె పెట్టె విప్పి దళసరి కాగితం ఒకటి అతని చేతిలో పెట్టింది. "చదవండి."

"ఏమీ లేదుగా. తెల్లకాగితం."

"ఇది?"

"ఇదీ తెల్లదే."

"ఇది? ఇది? ఇదీ?"

"అన్నీ తెల్లవే కదండీ!"

"అదేనండీ నా ఏడుపు!" అని ఆమె అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

"వచ్చింది! అరుపు వచ్చింది!" అని మూల సీట్లోంచి ఎవరో ఆనందంతో చప్పట్లు కొట్టారు.

ఆమె అటు తిరిగింది. "ఏంటండీ, నేను గొంతు చించుకుంటుంటే మీకు కచేరీలా ఉందా?"

"తప్పుగా అనుకోకండి," అన్నాడు గింజ కంగారుగా. "మీరు అరుస్తారేమోనని మేము చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాం."

"నా కోసమా?"

"మీ కోసమని కాదు... ఎవరైనా పర్లేదు... అంటే, మీరైతే ఇంకా..." గింజ గింజుకోవడం మొదలైంది.

కత్తెర మేడమ్ ఆమెని కూర్చోబెట్టి, తువ్వాలు ఇచ్చి, సంగతి అడిగింది. అమ్మాయిది బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్. చూపులేని పిల్లలు వేళ్లతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు. తండ్రీ కూతుళ్లు నడుపుతున్నారు. కాగితం మీద చుక్కలు పొడిచే మిషన్ పాతది, దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఇంకా పాతది. మొన్న కంప్యూటర్ చచ్చిపోతే కొత్తది తెచ్చారు. కొత్త కంప్యూటర్ మీద కెర్నల్ పాత వెర్షన్ ఎక్కనంది. అందుకని ట్రయల్ వెర్షన్ ఎక్కించారు. అప్పట్నించీ మిషన్ కాగితాలు మింగి తెల్లగా కక్కుతోంది, తెర మీద 'పడుకోబెట్టే కౌంటర్ మూసి ఉంది' అని పడుతోంది.

"ఎందుకో తెలుసా?" అందామె గింజ వైపు తిరిగి. "మా ప్రోగ్రామ్ కాగితాన్ని ఒక గీత జరిపి, 'కాసేపాగి లేపండి' అని మీ కౌంటర్‌కి వస్తుంది. ఆ కాసేపట్లో సూదులు దిగి చుక్కలు పొడవాలి. కౌంటర్ మూసుంది. అది ఆగలేదు. సూది దిగేలోపు కాగితం జారిపోయింది."

"అయితే ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క ముక్కా మార్చుకుంటే..."

"మార్చడానికి దాని సోర్స్, అదే, మొదట రాసిన కోడ్ ఏదండీ? రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మీ కౌంటర్ లాగే." తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది. "ఈ శనివారం వ్యాన్ వస్తుంది. పిల్లల పరీక్ష పుస్తకాలు అందులో వెళ్లాలి. వెళ్లకపోతే ఈ ఏడు వాళ్లు పరీక్ష రాయలేరు. కళ్లున్న పిల్లలు రాస్తారు, మా పిల్లలు కూర్చుంటారు."

ఆఫీసులో చప్పుడు లేదు. ఈసారి నిశ్శబ్దం గింజకి నచ్చలేదు.

"మన రూలేంటి?" అంది కత్తెర మేడమ్.

"కింద మనం ఏం మార్చుకున్నా, పైన నడిచే ప్రోగ్రామ్ ఆగకూడదు."

"మరి ఆగిందా?"

"ఆగాల్సిన చోట ఆగలేదు మేడమ్."

"షట్టర్ ఎత్తు. నువ్వే దించావు కాబట్టి నువ్వే వెళ్లి, చుక్కలు పడేదాకా అక్కడే ఉండు."

*

ప్రెస్ అంటే రెండు గదులు. ముందు గదిలో మిషన్, వెనక గదిలో కాగితపు చుట్టలు. ఆ అమ్మాయిని అక్కడ అందరూ చుక్క అంటారు. మిషన్ పక్కన ఉయ్యాల్లో పెరిగింది మరి. చుట్టుపక్కల కుర్రాళ్లలో కొందరు ఆ పేరుని ఇంకో అర్థంతో కూడా పలికేవాళ్లు. కానీ ఆమె ఎదురుగా పలికినవాడు లేడు.

కిటికీ పక్కన తండ్రి కూర్చుని ఉన్నాడు. ప్రూఫులు దిద్దేది ఆయనే. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. వేళ్లు మాత్రం కాగితం మీద నాట్యం చేస్తాయి.

"ఎవరమ్మా?"

"కౌంటర్ మూసినాయన, నాన్నా."

"ఓహో. రండి బాబూ. మిమ్మల్ని చూడాలని ఎంతో అనుకున్నా, కుదర్లేదు," అన్నాడాయన. గింజకి నవ్వాలో వద్దో తెలీలేదు. "నవ్వొచ్చు బాబూ. జోకుకి డబ్బులు తీసుకోను."

గింజ కొత్తగా సిద్ధం చేసిన వెర్షన్ ఎక్కించాడు. పాత కౌంటర్ బోర్డు యథాస్థానంలో తగిలించాడు. చుక్క మీట నొక్కింది. టకటకటకటక! మిషన్ చుక్కలు పొడిచింది. గింజ రెండు చేతులూ గాల్లోకి లేపాడు. చుక్క నవ్వింది. ఆ నవ్వుకి గింజ గుండె ఒక గీత జరిగింది.

తండ్రి మొదటి కాగితం తడిమాడు. వేళ్లు సగంలో ఆగాయి.

"అమ్మా, ఇది బ్రెయిలీయా, గోధుమరవ్వా?"

చుక్క కాగితాన్ని వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. చుక్కలన్నీ పక్కకి ఈడ్చుకుపోయి, తోకలొచ్చి, ఒకదానికొకటి అంటుకున్నాయి.

"మళ్లీ ఏం చేశారండీ?"

"ఏం చెయ్యలేదు! కౌంటర్ తెరిచాను."

"మా మిషన్ ఇలా అరవదు." ఆమె గోళ్లతో బల్ల మీద కొట్టి చూపించింది. "టక్... టక్... టక్... ఇలా నడుస్తుంది. ఇప్పుడు ఎవరో తరిమినట్టు పరిగెడుతోంది."

గింజ ఆ చప్పుడు విన్నాడు. మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. ఆ తర్వాత అతని మొహం, ఆమె తెచ్చిన కాగితాల్లాగే తెల్లబడింది.

పాత బోర్డయితే తగిలించాడు గానీ, లోపల పాత గుమాస్తాని కూర్చోబెట్టలేదు. ఒకే పనికి ఇద్దరెందుకని కొత్త కౌంటర్‌కే దారి మళ్లించాడు, తన చక్కటి, ఖచ్చితమైన, చప్పట్లందుకున్న కౌంటర్‌కి. పాతదానిలాగా అది బద్ధకించదు. చెప్పిన వేళకి ఠంచనుగా లేపుతుంది. సూది కాగితంలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకముందే లేపుతుంది.

"అంటే," అన్నాడు నెమ్మదిగా, "మీ ప్రోగ్రామ్ మా పాత తప్పు మీద ఆధారపడి నడుస్తోంది."

"తప్పో ఒప్పో, మీరిచ్చిందే మేం వాడుకున్నాం."

"కానీ ఇప్పుడు నాది కరెక్టండీ! అడిగినంతసేపే ఆగుతోంది."

"మీ కరెక్టుతో మా పిల్లలు ఏం చదువుతారు? రవ్వా?"

"ఒక పని చేద్దాం. మిషన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఒక చిన్న డబ్బా పెట్టుకోండి, అది ఆలస్యం చేస్తుంది. నాకు తెలిసినాయన చేసిస్తాడు. రెండు నెలల్లో..."

"వ్యాన్ శనివారం వస్తుందండీ."

"వేరే దారి లేదు. ఆలస్యంగా లేపడం కోసం కెర్నల్లో కోడ్ రాస్తే నన్ను చూసి నవ్వుతారు."

చుక్క మిషన్ ఆపేసింది. గొంతు పెంచలేదు. అదే గింజని ఎక్కువ భయపెట్టింది.

"అదా అసలు సంగతి? మిమ్మల్ని చూసి నవ్వుతారు. అందుకని పైనున్నవాళ్లే డబ్బాలు కొనుక్కోవాలి, సర్దుకోవాలి, పిల్లలు వచ్చే ఏడు దాకా ఆగాలి. మీరు మాత్రం ఠంచనుగా ఉంటారు." తలుపు తీసి పట్టుకుంది. "వెళ్లిరండి. వానొచ్చేలా ఉంది. మీరు తడిస్తే ఖచ్చితత్వం తగ్గుతుంది."

వెనకనించి తండ్రి గొంతు వినిపించింది. "వెళ్లిపోతున్నాడా అమ్మా?"

"పంపిస్తున్నాను నాన్నా."

"చెప్పులు వేసుకోకుండానే వెళ్తున్నాడే."

నిజమే. గింజ వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ కాస్తసేపూ ఆమె తలుపు పట్టుకునే నిలబడింది, అతన్ని తప్ప వీధిలో ఉన్నవన్నీ చూస్తూ.

*

గురువారం ఉదయం ఆఖరి మీటింగు. విడుదలకి ముందు అందరూ తమ తమ మార్పులు చెప్పి, తల ఊపించుకునే సభ అది. గింజ వంతు వచ్చింది.

"పాత కౌంటర్ మళ్లీ పెడుతున్నాను," అన్నాడు. "ఎలా ఉండేదో అలాగే. ఆలస్యంతో సహా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి నవ్వారు.

"ఆలస్యంగా లేపడానికి కోడ్ రాశావా? మా ఇంట్లో మా తమ్ముడున్నాడు, ఉత్తినే చేస్తాడు!"

"తప్పుని చూసి చూసి రాశావన్నమాట. చూసిరాతలో ఫస్టు!"

"గింజా, నీ కౌంటర్‌కి నువ్వే సవతిని తెస్తున్నావా?"

గింజ చెవులు ఎర్రబడ్డాయి. కానీ కూర్చోలేదు.

"నవ్వండి, నవ్వడం అయ్యాక వినండి. మనం కౌంటర్ తెరిచినప్పుడు ఒక మాట ఇచ్చాం. కాగితం మీద 'ఇంతసేపు' అని రాశాం, చేతల్లో ఇంకాస్త ఎక్కువ ఇచ్చాం. జనం కాగితం చూసి బతకలేదు, చేతలు చూసి బతికారు. ఆ ఆలస్యం చుట్టూ ఒక మిషన్ కట్టుకున్నారు. ఆ మిషన్ చుట్టూ ఒక ప్రెస్, ఆ ప్రెస్ చుట్టూ కొన్ని వందల మంది పిల్లలు. అది మన దృష్టిలో తప్పు, వాళ్లకి నేల. నేల వంకరగా ఉందని, పైన ఇల్లున్నవాడికి చెప్పకుండా చదును చేస్తామా?"

"మరి నీ కొత్తది?" అంది కత్తెర మేడమ్.

"ఉంటుంది మేడమ్. ఖచ్చితంగా కావాల్సినవాళ్లు అటు వెళ్తారు. పాతవాళ్లు పాత కౌంటర్‌కి వస్తారు. నేను ఒకరి చెయ్యి పట్టుకుని బలవంతంగా రెండోచోటికి లాక్కెళ్లాను. తప్పు అక్కడ జరిగింది. ఇంకో సంగతి. ఆ ప్రెస్ ప్రోగ్రామ్‌ని మన పరీక్షల్లో కలుపుతున్నాను. ఇకనించి ఏ కొత్త వెర్షన్ అయినా ముందు ఆ ముసలి ప్రోగ్రామ్ ముందు నిలబడి పాసవ్వాలి. ఫెయిలైతే విడుదల ఉండదు."

మళ్లీ ఎవరో నవ్వబోయారు గానీ కత్తెర మేడమ్ కళ్లజోడు తీసేసరికి మింగేశారు. ఆవిడ అతను రాసినదంతా మొదటి నుంచి చివరి దాకా చదివింది. పెన్ను చేతిలోనే ఉంది. ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యలేదు. ఆ ఆఫీసు చరిత్రలో అలాంటిది జరగలేదని అక్కడ పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ప్రెస్‌కి తీసుకెళ్లి ఎక్కించు," అంది. "చుక్కలు సరిగ్గా పడితేనే రేపు విడుదల. పడకపోతే విడుదలే ఆగుతుంది. మన వల్ల వాళ్లు ఆగారు. వాళ్ల కోసం మనం ఆగొచ్చు."

*

గింజ ప్రెస్ తలుపు తట్టాడు. చుక్క తీసింది. మొహంలో ఏ ప్రోగ్రామూ నడవట్లేదు.

"డబ్బా తెచ్చారా?"

"గుమాస్తాని తెచ్చాను. పాతాయన్నే. చాలా బద్ధకస్తుడు."

ఆమె పక్కకి జరిగింది. అతను ఎక్కించాడు. ఆమె మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా నిలబడింది.

"నవ్వారా?"

"కడుపుబ్బా."

"మీరేం చేశారు?"

"నిలబడ్డాను. ఇంకేం చేస్తాం, కాళ్లున్నాక."

ఆమె మీట నొక్కింది.

టక్... టక్... టక్... టక్...

మిషన్ తన పాత నడకన నడిచింది, తీరిగ్గా, దర్జాగా. కాగితం బయటికొచ్చింది. చుక్క దాన్ని చింపి తండ్రి చేతికిచ్చింది. ఆయన వేళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాయి, కిందికి దిగాయి, మళ్లీ వెళ్లాయి. ఎక్కడా ఆగలేదు. ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. భూగోళం పాఠం. నదులు ఎక్కడ పుడతాయో, ఎటు పారతాయో చదువుతున్నాడు. గింజ జీవితంలో భూగోళం అంత బాగా ఎప్పుడూ వినలేదు.

"కానివ్వమ్మా," అన్నాడాయన పేజీ చివర. "నదులు పారుతున్నాయి. మిషన్ ఆపొద్దు."

ఇక ఆపలేదు. శుక్రవారం అక్కడ కొత్త వెర్షన్ ప్రపంచం మీదికి విడుదలైంది. ఇక్కడ పుస్తకాలు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి. గింజ ఇంటికెళ్లి స్నానం చేసి మళ్లీ వచ్చాడు. కాగితం మడిచాడు, కట్టలు కట్టాడు, వేళ్లు కోసుకున్నాడు. శనివారం వ్యాను వచ్చి గుమ్మం ముందు నిలబడింది. డ్రైవర్ లోపలికీ బయటికీ తిరుగుతూ కట్టలు ఎక్కిస్తున్నాడు. చిట్టచివరి పుస్తకం మిషన్ మీదుంది.

చుక్క చెంప మీద కాగితం దుమ్ము. జుట్టు ముడి జారిపోయింది. ఆమె మిషన్ వంక చూస్తోంది. అతను ఆమె వంక చూస్తున్నాడు. మిషన్ మాత్రమే పనిచేస్తోంది.

"మీతో ఒక మాట!" అన్నాడు గింజ.

"ఆఁ?"

"ఒక మాటండీ!"

"వినపడట్లేదు! గట్టిగా!"

"ప్రతి కొత్త వెర్షన్‌కీ ఇక్కడికి రావాలి నేను! పరీక్ష కోసం!"

"రండి! ఎవరొద్దన్నారు!"

"కానీ వెర్షన్లు ఏడాదికి రెండే వస్తాయి!"

"అయితే?"

"చాలవు!"

"ఏంటి చాలవు?"

గింజ ఊపిరి మొత్తం కూడదీసుకున్నాడు. "నువ్వంటే నాకు ప్రాణం! రోజూ రావాలనుంది!" అని అరిచాడు. సరిగ్గా ఆ 'నువ్వంటే' దగ్గర కాగితపు చుట్ట అయిపోయి మిషన్ ఆగింది. మిగతా మాటంతా గదిలో, గుమ్మంలో, వీధిలో, వ్యాను లోపల కూడా స్పష్టంగా వినిపించింది. డ్రైవర్ చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది.

తండ్రి కిటికీ దగ్గర నుంచి తల తిప్పాడు. "ఎవరితో బాబూ? నాతోనా?"

"కా... కాదండీ... అంటే మీరన్నా గౌరవమే..."

"కంగారుపడకు. అమ్మాయిని అడుగుతాను. అమ్మా..."

"ఆగు నాన్నా," అంది చుక్క. ఆమె మొహం ఎర్రగా ఉంది, గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది. "నువ్వు ఒప్పుకున్నాక నేను ఒప్పుకుంటే, నీ మాట విన్నట్టుంటుంది. అందుకని ముందే చెప్తున్నా. నాకిష్టం. తన పేరు పోతుందని తెలిసీ మన పిల్లల కోసం అంతమందిలో నిలబడ్డాడు. తలుపు తీసి పట్టుకున్న రోజే నాకు ఇష్టం, కానీ ఆ రోజు చెప్తే చెడిపోతాడని చెప్పలేదు."

గింజ నోరు తెరిచాడు. అతని లోపల కౌంటర్లన్నీ ఒకేసారి మూతపడ్డాయి.

"బాగుంది వరస!" అన్నాడు తండ్రి. "నన్ను అడక్కుండానే అయిపోయిందా? సరే, మనింట్లో ఎలాగూ పెళ్లిచూపులకి నా వంతు చూపు లేదు. నేరుగా పెళ్లిలోకే వెళ్దాం. కానీ నావి కొన్ని షరతులున్నాయి అబ్బాయ్. జాగ్రత్తగా విను."

"పేజీలు మిగిలున్నాయి నాన్నా, వ్యాను ఆగుంది!" అని చుక్క వెనక గదిలోకి పరిగెత్తింది. కొత్త చుట్ట ఒక చివర ఎత్తి, గింజ వంక చూసి, "నిలబడతావేంటి? ఆ చివర పట్టుకో," అంది.

ఇద్దరూ కలిసి చుట్ట ఎక్కించారు. ఆమె మీట నొక్కింది. టక్... టక్... టక్... చివరి పుస్తకం చివరి పేజీలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. గుమ్మంలో డ్రైవర్ ఈల వేశాడు. కిటికీ పక్కన తండ్రి వేళ్ల మీద లెక్కపెడుతూ తన షరతులన్నీ ఒకదాని వెనక ఒకటి గట్టిగా చెప్పుకుపోతున్నాడు.

మిషన్ హోరులో ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు. ఆయన పెదాలు ఆగిన ప్రతిసారీ ఇద్దరూ ఒకే గొంతుతో "సరే!" అని అరిచారు.